ముందు బోల్తా, తర్వాతే ప్రయాణం



ఆదివారం పొద్దున వికారాబాద్ దాటి కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు వెళితే, అడవి అంచున నీళ్ల మీద ఎరుపు, పసుపు, నారింజ రంగుల కయాక్‌లు కనిపిస్తాయి. ఎక్కినవాళ్లలో చాలామంది హైదరాబాద్ కాలేజీల పిల్లలే. టికెట్టు కొనుక్కుంటారు, లైఫ్ జాకెట్ తగిలించుకుంటారు, తెడ్డు అందుకుని నీళ్లలోకి వెళ్తారు. కాసేపటికి ఒకరి కయాక్ ఇంకొకరిదాన్ని గుద్దుకుంటుంది. ఇంకొకరిది ముందుకు పోనని మొరాయించి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. నవ్వులు, కేకలు, ఫొటోలు. ఇంతలో టైమ్ అయిపోయిందని ఒడ్డు నుంచి పిలుపు వస్తుంది.

ఆ సరదాను తప్పుపట్టడానికి నేను రాలేదు. కాకపోతే కయాక్ ఎక్కడం వేరు, కయాక్ నేర్చుకోవడం వేరు. నేర్చుకునే చోట మొదటి పాఠం ఏమిటని అడిగితే, తెడ్డు పట్టుకోవడమనో, తిన్నగా నడపడమనో అనుకుంటాం. అవేవీ కావు. పడవ తిరగబడితే బయటికి రావడం మొదటి పాఠం. చదువు మొదలయ్యేదే బోల్తా పడటంతో. ఆ వరస ఎందుకలా పెట్టారో, మన ఇళ్లలో నీళ్ల గురించి పిల్లలకు చెప్పే తీరుకు అది ఎంత ఎదురో ఈ పూట మీతో మాట్లాడతాను.

కయాక్ చూడని శ్రోతల కోసం ముందుగా రెండు మాటలు. మన గోదావరి మీద నావ నడిపే మనిషి నిలబడి గెడ వేస్తాడు. తుంగభద్రలో పుట్టి వేసేవాళ్లు ఒంటి ఆకు తెడ్డుతో నీళ్లు లాగుతారు. కయాక్‌లో మనిషి కాళ్లు ముందుకు చాపి, దాదాపు నీటి మట్టానికే కూర్చుంటాడు. తెడ్డుకు రెండు చివరలా ఆకులుంటాయి. కుడివైపు ఒక వేటు, ఎడమవైపు ఒక వేటు. వీటిలో రెండు రకాలున్నాయి. కోట్‌పల్లిలో చూసేది పైన కూర్చునే రకం. అది తిరగబడితే మనిషి విడిగా నీళ్లలో పడతాడు, అంతే. రెండోది లోపల కూర్చునే రకం. నడుం కింది ఒళ్లంతా పడవ లోపలే ఉంటుంది. వడిగా పారే నదుల్లో, సముద్రంలో వాడేది ఎక్కువగా ఇదే. ఇది తిరగబడితే మనిషి కూడా దానితోపాటే తలకిందులవుతాడు.

ఈ రెండో రకమే అసలు పాతది. ఆర్కిటిక్ తీరాల్లో ఇన్యూట్, యూపిక్, అల్యూట్ వేటగాళ్లు సీల్ వేటకు కట్టుకున్న పడవ ఇది. అక్కడ చెట్లు అరుదు. సముద్రం ఒడ్డుకు తెచ్చి పడేసిన కొయ్యతోనో, తిమింగలం ఎముకతోనో చట్రం కట్టి, దాని మీద సీల్ తోలు బిగించేవారు. కొలతలకు బద్దలు లేవు, ఎక్కే మనిషి ఒళ్లే కొలత. మూడు బారల పొడవు, తుంటి వెడల్పుకు పైన రెండు పిడికిళ్లు అనేది గ్రీన్‌లాండ్ కయాక్ గురించి తరచూ వినిపించే లెక్క. అందుకే అన్నది తమ్ముడికి సరిపోయేది కాదు.

ఆ వేటగాళ్లలో చాలామందికి ఈత రాదు. వచ్చినా లాభం లేదు, ఆ మంచునీటిలో నిమిషాల మీద కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి. పడవ తిరగబడితే లోపలే ఉండి, తెడ్డు ఊతంతో, నడుం విసురుతో మళ్లీ పైకి లేవాలి. దాన్నే రోల్ అంటారు. చేతిలో తెడ్డు జారిపోతే? ఈటె విసిరే కర్రతో లేవాలి. అదీ లేకపోతే? వట్టి చేత్తో లేవాలి. ఒక చెయ్యి వేట తాడులో చిక్కుకుంటే రెండో చేత్తోనే లేవాలి. ఏ ఆపద వస్తే ఎలా లేవాలో ఒక్కొక్కటీ విడిగా సాధన చేశారు. ఇప్పటికీ గ్రీన్‌లాండ్‌లో జరిగే పోటీల్లో 30కి పైగా రోల్ పద్ధతులున్నాయి. అంటే ఆ జాతుల మనిషి నీళ్లలోకి వెళ్లేముందే, పడితే ఏం చేయాలో తేల్చుకుని వెళ్లేవాడన్నమాట.

వేటగాడి పడవ విద్యార్థుల చేతికి రావడంలో ఒక విద్యార్థి పాత్ర ఉంది. ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ హోయ్‌రిక్, జర్మనీలోని మ్యూనిక్‌లో భవన నిర్మాణ శాస్త్రం చదువుతున్న కుర్రాడు. 1905లో మడిచి మూట కట్టుకోగల కయాక్ ఒకటి తయారుచేసి ఈసార్ నది మీద నడిపాడు. దాన్ని తయారుచేసే హక్కును 1907లో రోజెన్‌హైమ్ ఊరి దర్జీ యోహాన్ క్లెప్పర్ కొన్నాడు. దర్జీ చేతిలో పడ్డాక గుడ్డ కుట్టు పనితనం దానికి తోడైంది. పడవను సంచిలో పెట్టుకుని రైలెక్కి, ఏ నది దగ్గరైనా దిగి, అక్కడే బిగించుకుని నడుపుకోవచ్చు. పడవ కొట్టం అక్కర్లేదు, బండి అక్కర్లేదు. అలాంటి మడత కయాక్‌లోనే 1932లో జర్మనీలో బయల్దేరిన ఆస్కార్ స్పెక్, మన దేశపు తీరం వెంబడి కూడా సాగి, 1939లో ఆస్ట్రేలియా చేరాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి కయాక్ పందెం పతకాల క్రీడల్లోకి వచ్చేసింది.

ఇక నా సంగతి. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కొంతమందిమి కలిసి రిషీకేశ్ వెళ్లాం. ఊరికి ఎగువన శివపురి దగ్గర గంగ ఒడ్డున ఇసుక తిన్నెల మీద శిబిరం. వానాకాలంలో జూలై, ఆగస్టుల్లో అక్కడ నది ఆటలన్నీ ఆపేస్తారు. మేం వెళ్లింది వరద తగ్గి నీళ్లు ఆకుపచ్చగా తేరుకున్న తర్వాత. ఫోన్లో చెప్పగానే మా అమ్మ అన్న మాట: "ఈతే సరిగ్గా రాదు, నడిగంగలో పడవెక్కుతావంటే! గంగమ్మతో పరాచికాలేంటే నీకు?" మా నాన్న ఫోన్ తీసుకుని, "లైఫ్ జాకెట్ ఇస్తారా? అది ముందు అడుగమ్మా" అన్నారు. ఆయన అడిగిన ప్రశ్న ఎంత సరైనదో చివర్లో చెబుతాను.

మాకు నేర్పినాయన గఢ్వాలీ మనిషి, పక్క ఊరివాడే. మేమంతా భయ్యా అనేవాళ్లం, ఆయన అమ్మాయిల్ని దీదీ అని పిలిచేవాడు. మొదటిరోజు పడవలు నీళ్లలో పెట్టలేదు, ఇసుక మీదే పెట్టాడు. అందరినీ లోపల కూర్చోబెట్టి కాళ్లు దేనికి ఆనాలో, తొడలు పైనున్న పట్టీలకు ఎలా బిగబట్టాలో సర్దాడు. తర్వాత స్కర్ట్ తొడిగించాడు. అది నడుముకు తొడుక్కునే రబ్బరు గుడ్డ. దాని అంచును మనం కూర్చున్న రంధ్రం చుట్టూ సాగదీసి బిగిస్తే పడవలోకి నీళ్లు రావు. దానికి ముందువైపు ఒక పట్టీ ఉచ్చు ఉంటుంది. లాగితే స్కర్ట్ ఊడి వస్తుంది, మనిషి బయటికి రావచ్చు. ఆ ఉచ్చు పొరపాటున లోపలికి ముడుచుకుపోతే తలకిందులైనప్పుడు చేతికి అందదు. కాబట్టి బిగించిన ప్రతిసారీ ఉచ్చు బయటే ఉందో లేదో చూపించి, పక్కవాళ్లతో సరే అనిపించుకున్నాకే కదలాలన్నాడు. ఎంత అనుభవం వచ్చినవాళ్లకైనా అదే నియమం.

తర్వాత వరస చెప్పాడు. బోల్తా పడగానే ముందుకు వంగాలి, ముఖం పడవకు దగ్గరగా తెచ్చుకోవాలి, అప్పుడు రాళ్లు తగిలినా హెల్మెట్‌కో వీపు మీది జాకెట్‌కో తగులుతాయి. రెండు చేతులూ పైకి, అంటే ఆకాశం వైపు చాపి పడవ అడుగు మీద మూడుసార్లు చరచాలి. చేతుల్ని పడవ అంచు వెంట తడుముకుంటూ ముందుకు తెచ్చి ఉచ్చు అందుకోవాలి, ముందుకు తోసి లాగాలి. అరచేతులు తుంటికి రెండు పక్కలా ఆనించి, ప్యాంటు విప్పుకున్నట్టు పడవను కాళ్ల మీంచి తోసేయాలి. కళ్లు మూయించి ఇసుక మీదే మాతో అదంతా చేయించాడు. అలవాటయ్యాక నడుం లోతు నీళ్లలోకి దించాడు.

ఆ మూడు చరుపుల సంగతి మొదట్లో నాకు అర్థం కాలేదు. ఊపిరి బిగబట్టి నీళ్లలో తలకిందులుగా ఉన్న మనిషికి పడవ మీద దరువేసే తీరిక ఎక్కడిది? తిరగబడ్డాక అర్థమైంది. చెవుల్లో నీళ్లు హోరుమంటాయి, ముక్కులోంచి మంట నుదుటి దాకా ఎక్కుతుంది. పైకి ఎటో, కిందికి ఎటో తెలియదు. కాళ్లు వాటంతట అవే తన్నుకోవడం మొదలుపెడతాయి, తన్నుకున్నకొద్దీ తొడలు పట్టీల కింద ఇంకా బిగుసుకుంటాయి. ఆ క్షణంలో ఒకటి, రెండు, మూడు అని చరచాలంటే తన్నుకోవడం ఆపాలి. ఆపగానే ఒళ్లు వదులవుతుంది, వదులైతే జారి రావచ్చు. ఉచ్చు కోసం తొందరపడే చేతికి ఆ మూడు దెబ్బలు ఒక పని చెప్పి నిలబెడతాయి. పైన ఉన్నవాళ్లకు మనం స్పృహలోనే ఉన్నామన్న కబురూ అందుతుంది. అంతా కలిపి కొద్ది సెకన్ల పనే.

నీళ్లు దులుపుకుని లేచాక నాలో వచ్చిన తేడా ఒకటి చెప్పాలి. అంతకుముందు భయ్యా చెప్పిన మాటలు చెవిన పడుతున్నా తలకెక్కలేదు. మనసంతా "తిరగబడితే?" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఉంది. దానికి జవాబు ఒంటికి తెలిసిపోయాక మిగతా పాఠాలకు చోటు దొరికింది. మా బ్యాచ్ మొత్తానికీ అదే అనుభవం. పొద్దున పడవ అంచులు గట్టిగా పట్టుకుని బిర్రబిగుసుకుని కూర్చున్నవాళ్లే సాయంత్రానికి పందెం వేసుకుని బోల్తా కొడుతున్నారు. బిర్రబిగుసుకున్న మనిషి కిందే కయాక్ ఎక్కువ ఊగుతుంది. నడుం వదులుగా ఉంచితే పడవ అలతోపాటు ఊగుతుంది, తల మాత్రం నిటారుగా నిలుస్తుంది.

తెడ్డు పని రెండో పాఠం. కొత్తవాళ్లంతా చేతులతో లాగుతారు, కాసేపటికే భుజాలు పట్టేస్తాయి. వేటు పడాల్సింది పాదాల దగ్గర, ఆకు బయటికి రావాల్సింది తుంటి దగ్గర. మధ్యలో పని చేసేది మొండెం. కుడివైపు ముంచేటప్పుడు కుడి భుజం ముందుకు తిరగాలి, అదే కాలు లోపల ఆనిక మీద తొక్కాలి. చేతులు తెడ్డును ఊరికే పట్టుకుంటే చాలు. ఇక నదుల్లో వాడే పొట్టి కయాక్ తిన్నగా పోవడానికి కాదు, చటుక్కున తిరగడానికి చేసింది. కాబట్టి కొత్తవాళ్ల చేతిలో అది చుట్లు తిరుగుతుంది. అప్పుడు చూపు పడవ ముక్కు మీద కాకుండా దూరంగా ఒక రాయి మీదో చెట్టు మీదో పెట్టాలి. ముక్కు పక్కకు జరగడం మొదలైన క్షణంలోనే, ఎటు జరుగుతోందో ఆ పక్కన తెడ్డును దూరంగా అర్ధచంద్రాకారంలో తిప్పి వేస్తే దారిలోకి వస్తుంది. పూర్తిగా తిరిగిపోయాక ఎంత తెడ్డేసినా ఆగదు.

మూడోది నడుం. రోల్ నేర్పే ముందు ఒక చిన్న సాధన చేయిస్తారు. నేస్తం పడవ ముక్కును మన పక్కకు తెచ్చి ఆపుతారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పక్కకు వాలిపోయి, చెవి నీళ్లకు తగిలేదాకా మన పడవను మీదికి ఒరగనివ్వాలి. అక్కడి నుంచి చేతులతో పైకి లేవకూడదు. కింది మోకాలిని పైకి ఎగదన్ని, తుంటిని ఒక్క విసురు విసరాలి. పడవ ముందు నిలబడుతుంది, దాని వెనక మొండెం, అన్నిటికన్నా ఆఖరున తల. ప్రాణభయం ఉన్న మనిషి తలనే ముందు నీళ్లలోంచి ఎత్తుతాడు. తల బరువు పైకి రాగానే పడవ మళ్లీ వెనక్కి తిరగబడుతుంది. "తల ఆఖరున, దీదీ, తల ఆఖరున" అని భయ్యా అరుస్తూనే ఉండేవాడు. ఆ మాట వినడం తేలిక, ఒంటి చేత చేయించడం కష్టం. ఆస్ట్రియాకు చెందిన ఎడి హాన్స్ పవ్లాటా 1927లో పుస్తకాల్లోని వర్ణనలు చదివి రోల్ సాధించాడు. చదివింది చదివి ఊరుకోలేదు, నీళ్లలో దిగి తన ఒంటితో తేల్చుకున్నాడు. దిగితేగాని లోతు తెలియదన్న సామెత ఇలాంటి చదువులకు అచ్చంగా సరిపోతుంది.

నాలుగోది నదిని చదవడం. ప్రవాహం మధ్యలో పెద్ద రాయి ఉంటే దాని మాటున నీళ్లు వెనక్కి తిరుగుతాయి. ఆ చోటును ఎడ్డీ అంటారు. వడిలో పోయే కయాక్‌కు అదే మజిలీ, అక్కడ చేరి ఊపిరి తీసుకుని ముందున్న దారి చూసుకోవచ్చు. ఇక నదిని అడ్డంగా దాటాలంటే ముక్కు ఎగువకు, కొంచెం ఏటవాలుగా పెట్టి తెడ్డేయాలి. నీటి వడే మనల్ని అవతలి ఒడ్డుకు నెడుతుంది. గోదావరి రేవుల్లో పడవవాళ్లు తరతరాలుగా చేస్తున్నది ఇదే. ఎదుటి రేవుకు తిన్నగా గురిపెడితే ఎక్కడో దిగువన తేలతామని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పడవ వదిలి నీళ్లలో పడితే వెల్లకిలా తేలాలి, కాళ్లు దిగువ వైపుకు, వేళ్లు నీటిపైకి కనిపించేలా ఉంచాలి. వడిలో నిలబడే ప్రయత్నం చేయకూడదు. రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే మోకాలు లోతు నీళ్లే మనిషిని ముందుకు పడదోసి ముంచేస్తాయి. ప్రవాహాల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు తరగతులుగా కొలుస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకటి, మహా అయితే రెండు దాటకూడదు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వస్తాను. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. సెలవుల్లో, పండగల్లో చెరువులోనో, కాలువలోనో, క్వారీ గుంటలోనో దిగిన విద్యార్థుల వార్తలు మనం పేపర్లో చూస్తూనే ఉంటాం. చూసినప్పుడల్లా ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఒకటే: నీళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఆ మాట వెనకున్న ప్రేమను నేను కాదనను. కానీ వద్దన్నంత మాత్రాన పిల్లలు ఆగడం లేదు. వెళ్తున్నారు, చెప్పకుండా వెళ్తున్నారు, ఏమీ తెలియకుండా వెళ్తున్నారు. మన తాతల కాలంలో పల్లెల్లో ఈ సమస్యకు వేరే జవాబుండేది. పిల్లవాడి వీపుకు బెండ్లో సొరకాయబుర్రో కట్టి, నడుముకు తాడేసి, పెద్దవాళ్లే దిగుడుబావిలోకి దించేవారు. కొన్ని నీళ్లు తాగనిచ్చేవారు కూడా. ముందు మునక రుచి చూపించి తర్వాత ఈత నేర్పేవారు. గంగ ఒడ్డున భయ్యా పెట్టిన వరసా, గ్రీన్‌లాండ్ వేటగాళ్ల వరసా అదే. బావులు పూడిపోయాయి, పిల్లలు హాస్టళ్లకూ కోచింగ్ సెంటర్లకూ వెళ్లారు, వద్దనే మాట ఒక్కటే మిగిలింది.

2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వరదలో పడవలు వేసుకుని ఎదురెళ్లి, 20 మందికి పైగా మనుషుల్ని ఒడ్డుకు చేర్చింది ఆ పక్క పల్లెల గిరిజనులే. నదిని ఎరిగినవాళ్లు కాబట్టే ఆ పని వాళ్లవల్ల అయింది. నీటి గురించిన భయం ఆ పల్లెల్లోనూ ఉంటుంది, ఆ భయానికి తోడు తెలివిడి కూడా ఉంటుంది. మన విద్యార్థులకు లేనిది ఆ రెండోదే.

నేర్చుకోవడానికి ఇప్పుడు హిమాలయాల దాకా పోనక్కర్లేదు. కోట్‌పల్లి ఉంది, విశాఖలో రుషికొండ తీరం ఉంది, కేరళలో కోజికోడ్ దగ్గర వానాకాలంలో మలబార్ రివర్ ఫెస్టివల్ జరిగే చాలిప్పుళ, ఇరువంజిప్పుళ నదులున్నాయి. ఊరి మధ్య చెరువు ఎంత పని చేయగలదో భోపాల్ చూపించింది. అక్కడి తటాకంలో సాధన చేసిన ప్రాచీ యాదవ్, కాళ్లలో సత్తువ లేకపోయినా, టోక్యో పారాలింపిక్స్‌లో పారా కనూ విభాగంలో ఫైనల్ దాకా వెళ్లింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో కయాక్ మీద స్వర్ణం గెలిచింది.

వెళ్లే ముందు విద్యార్థులు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మా నాన్న అడిగిన ప్రశ్న మొదటిది. జాకెట్ ఇస్తే సరిపోదు, ఒంటికి సరిపోవాలి. బకిల్స్ అన్నీ బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచి వస్తే మీ కొలత కాదు, మార్చమనండి. నేర్పేవాళ్లకు శిక్షణ పత్రం ఉందా అని అడగండి. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ అలాంటి శిక్షణలు ఇస్తుంది. సాయానికి ఇంకో పడవ నీళ్లలో సిద్ధంగా ఉందా, కళ్లారా చూడండి. గాలి, వాన ఉంటే ఆపుతారా అని అడగండి. ఈత రాకపోతే దాచకండి, ముందే చెప్పండి. జాకెట్ తేలుస్తుంది, కానీ ఈత వచ్చినవాడికి కంగారు తక్కువ. వీలైతే ముందు స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు వారాలు గడిపి వెళ్లండి. ఇంట్లో చెప్పి వెళ్లండి. ఈ ప్రశ్నలన్నీ అడిగానని అమ్మానాన్నలకు చెబితే, వద్దనే మాట సగానికి తగ్గుతుంది. అది నా ఇంట్లో చూశాను.

చివరగా ఒక్క ప్రశ్న. పడవ తిరగబడితే ఏం చేయాలో మొదట నేర్పుతారా అని అడగండి. "అబ్బే, మా పడవ తిరగబడదు" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. "పదండి, ముందు బోల్తా కొట్టిద్దాం" అన్నచోట డబ్బు కట్టండి.